ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ ట్యూబ్: ఒక సెమిస్టర్ వాడాక

మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌కి ఈ ట్యూబ్ వచ్చి ఒక సెమిస్టర్ అయింది. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న లెక్చరర్లకి ముందే చెప్పేస్తున్నా, కొనండి. ఎలక్ట్రాన్ కణమూ అవుతుంది, తరంగమూ అవుతుంది అని ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను, పిల్లలు రాసుకున్నారు, మార్కులూ తెచ్చుకున్నారు, కానీ ఆ మాట నమ్మినట్టు ఒక్కరి మొహంలోనూ కనపడలేదు.

లోపల గాలి తీసేసిన గాజు బల్బు ఇది. ఒక వైపు ఫిలమెంట్, దాని ముందు పల్చటి గ్రాఫైట్ పొర, అవతలి వైపు మెరిసే తెర. ఫిలమెంట్ వేడెక్కడానికి ఒక నిమిషం ఆగి హై వోల్టేజ్ మెల్లగా పెంచితే 3 కిలోవోల్టుల దగ్గర తెర మీద ఒక చుక్క, దాని చుట్టూ రెండు ఆకుపచ్చ వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఉత్త కణాలే అయితే చెదిరిపోయి మసక మచ్చలా పడాలి కదా, ఇంత తీరుగా వలయాలు ఎక్కడివి? తరంగాలైతేనే గ్రాఫైట్ పరమాణు వరసల మధ్య నుంచి వంగి, ఒకదానితో ఒకటి కలిసి కొన్ని కోణాల్లోనే బలపడతాయి, దీన్నే డిఫ్రాక్షన్ అంటారు. 5 కిలోవోల్టులకి పెంచితే లోపలి వలయం వ్యాసం సుమారు 28 మిల్లీమీటర్ల నుంచి 22కి తగ్గుతుంది. వేగం పెరిగితే తరంగదైర్ఘ్యం తగ్గుతుందని 1924లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డీ బ్రోగ్లీ చెప్పిన లెక్క కళ్లముందే జరుగుతుంది. మా పిల్లలు స్కేలుతో కొలిచి గ్రాఫైట్‌లో పరమాణు వరసల మధ్య దూరం 0.21 నానోమీటర్లు అని తేల్చారు, అసలు విలువ 0.213!

ఒక అమ్మాయి "ఫిలమెంట్ వెలుతురే అలా పడుతోందేమో సార్" అంది. చాలా మంచి అనుమానం. చిన్న అయస్కాంతం దగ్గరికి తెస్తే వలయాలన్నీ కలిసి పక్కకి జరిగాయి. వెలుతురు అలా జరగదు, ఛార్జ్ ఉన్నదే జరుగుతుంది. ఆ ఒక్క నిమిషం కోసమైనా ఇది కొనొచ్చు.

మాన్యువల్ మాత్రం నాకు నచ్చలేదు. కణ-తరంగ ద్వంద్వ స్వభావాన్ని పూర్తిగా నిరూపిస్తుందని రాశారు, అది సరికాదు. 0.1 మిల్లీఆంపియర్ కరెంట్ అంటే సెకనుకి 600 లక్షల కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు, అందులో ఒక్కోటి కణంలా ఒక్కో చుక్కగా పడటం ఎవరికీ కనపడదు. 1989లో జపాన్‌లో హిటాచీకి చెందిన టొనొమురా బృందం ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా పంపితే ముందు అక్కడో చుక్క ఇక్కడో చుక్క పడి, వేలల్లో పడ్డాక, రెండు తరంగాలు కలిస్తే వచ్చే లాంటి చారలు తేలాయి. ఒంటరిగా వెళ్లిన ఎలక్ట్రాన్ దేనితో కలిసి ఆ చార వేసింది? పిల్లలు ఆగిపోవాల్సింది అక్కడ, కాబట్టి ఆ ప్రయోగం గురించి చెప్పాకే ట్యూబ్ ఆన్ చేయండి.

ఇంకో సంగతి, కరెంట్ 0.2 మిల్లీఆంపియర్లు దాటకూడదన్న హెచ్చరిక చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మా మొదటి బ్యాచ్ చూసుకోక పెంచేస్తే గ్రాఫైట్ పొర ఎర్రగా అయింది, వెంటనే తగ్గించాం కాబట్టి కాలిపోలేదు. ఆ అంకెని మీటర్ పక్కనే కాగితం మీద రాసి అతికించండి. గదికి నల్ల కర్టెన్లు కూడా ఉండాలి, పగటి వెలుతురులో బయటి వలయం సరిగా కనపడదు.