ఎమర్జెన్సీ ఉద్యోగం ఆశ చూపి అమ్ముతున్న 'సర్టిఫికేషన్': నర్స్ ప్రాక్టీషనర్లకు హెచ్చరిక

అమెరికాలో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్లుగా (పై చదువు చదివి, అన్ని వయసుల రోగులను పరీక్షించి చికిత్స చేసే నర్సులుగా) పనిచేస్తూ, క్లినిక్ వదిలి ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి మారాలనుకుంటున్న మనవాళ్లు ఒక రకమైన ఆన్‌లైన్ కోర్సు విషయంలో జాగ్రత్తగా ఉండాలని ఇది రాస్తున్నాను. కొద్ది వారాల్లో ఎమర్జెన్సీ సర్టిఫికేషన్ వస్తుందనీ, ఆపై ఉద్యోగానికి తమదే పూచీ అనీ నమ్మబలికిన ఒక శిక్షణ సంస్థకు నేను రెండు వేల డాలర్లకు పైగా చెల్లించాను.

కోర్సు ముగిశాక చేతికి వచ్చింది బంగారు రంగు ముద్ర వేసిన ఒక పీడీఎఫ్. నా పేరు కింద 'సర్టిఫైడ్' అని పెద్ద అక్షరాలలో ఉంది. అట్టడుగున, తెరను పెద్దది చేస్తే తప్ప కనబడని అక్షరాలలో, ఇది కోర్సు పూర్తిచేసినట్లు తెలిపే పత్రమే తప్ప బోర్డు సర్టిఫికేషన్ (వృత్తి అర్హతను నిర్ధారించే బోర్డు ఇచ్చేది) కాదని ఉంది. డబ్బు కట్టించుకునేటప్పుడు చూపిన పేజీలో ఈ మాట ఎక్కడా లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన చోట క్రెడెన్షియలింగ్ సిబ్బంది (అర్హత పత్రాలు సరిచూసేవారు) ఆ పీడీఎఫ్‌ను పక్కన పెట్టి, ఏ బోర్డు ఇచ్చిందో చెబితే నేరుగా ఆ బోర్డునే అడిగి ధ్రువీకరించుకుంటామన్నారు. చెప్పడానికి బోర్డు అంటూ ఉంటే కదా!

అసలు సర్టిఫికేషన్ పేరు ఇ.ఎన్.పి.–సి. (ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్–సర్టిఫైడ్). 2017 నుంచి దీనిని అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్స్ ప్రాక్టీషనర్స్ సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష పెట్టి ఇస్తోంది. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ముందుగా ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌గా జాతీయ సర్టిఫికేషన్ ఉండాలి. దానితోపాటు ఎమర్జెన్సీ విషయంగా విశ్వవిద్యాలయ స్థాయి ప్రోగ్రామో, బోర్డు ఆమోదించిన ఫెలోషిప్పో పూర్తిచేసి ఉండాలి. లేదా గత 5 ఏళ్లలో ఎమర్జెన్సీలో 2,000 గంటలు రోగులను చూసి, 100 గంటల నిరంతర విద్యను (వృత్తిలో ఉంటూ పొందే శిక్షణను), అందులో చికిత్సా ప్రక్రియల నైపుణ్యాలకు చెందిన 30 గంటలతో సహా, సంపాదించి ఉండాలి. అంటే ఈ చివరి దారిలో ఉద్యోగం ముందు, సర్టిఫికేషన్ తరువాత. అమ్మేవారు ఈ వరుసనే తలకిందులు చేసి చెబుతున్నారు.

ఇ.ఎన్.పి.–బి.సి. (ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్–బోర్డ్ సర్టిఫైడ్) అనే మరో సర్టిఫికేషన్ కూడా తమ కోర్సుతోనే వస్తుందని వారి ప్రతినిధి ఫోనులో అన్నాడు. అది ఏ.ఎన్.సి.సి. (అమెరికన్ నర్సెస్ క్రెడెన్షియలింగ్ సెంటర్) ఒకప్పుడు పరీక్ష లేకుండా పోర్ట్‌ఫోలియో పద్ధతిలో, అంటే పని అనుభవానికి చెందిన ఆధారాలు చూసి, ఇచ్చినది. కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఏనాడో ఆపేశారు. ఇక సి.ఇ.ఎన్. (సర్టిఫైడ్ ఎమర్జెన్సీ నర్స్) అన్నది రిజిస్టర్డ్ నర్సు స్థాయికి చెందినది. అది ఉంటే మంచిదే గానీ, ప్రాక్టీషనర్ అర్హతగా లెక్కకు రాదు.

పోనీ, ఆ కోర్సు గంటలైనా నిరంతర విద్య కింద చెల్లుతాయేమోనని చూస్తే, పత్రం మీద గుర్తింపునిచ్చిన సంస్థ పేరే లేదు. డబ్బు కట్టక ముందే ఆ పేరును రాతపూర్వకంగా అడగండి. చాలా ఆసుపత్రులలో ఎమర్జెన్సీ విభాగాన్ని నడిపేది కాంట్రాక్టు తీసుకున్న వైద్యుల సంస్థ కాబట్టి, ఏ అర్హత కావాలో అక్కడి రిక్రూటర్‌నే అడగడం మేలు. పసిపిల్లల నుంచి వృద్ధుల దాకా అందరూ వచ్చే చోటు గనుక చాలాచోట్ల ఫ్యామిలీ సర్టిఫికేషనే మొదట చూస్తారు. కుట్లు వేయడం, ఎక్స్‌రే చదవడం వంటివి చేతితో చేసిన అనుభవం ఎంతుందో ఆ తరువాత అడుగుతారు.

పాఠాలు తెరిచి చూశారు గనుక రుసుము తిరిగి ఇవ్వలేమని సంస్థ జవాబిచ్చింది. ప్రకటన పేజీని, పీడీఎఫ్‌ను జతచేసి క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. అది ఇంకా పరిశీలనలో ఉంది.