పాత ఫోటో ఉన్నోళ్లు ఇక్కడికే పోండి – క్లాక్‌టవర్ దగ్గరి ఫోటో స్టూడియో, నల్లగొండ

ఈ అన్న పాత ఫోటోను ముందు ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేస్తడు, రిపేరు సంగతి తర్వాత. అందుకే 5 స్టార్లు ఇస్తున్న.

మాది తాత ట్రంకుపెట్టెల దొరికిన రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోటో, విమానం ముందట కొంతమంది నిలబడి ఉన్నరు, అందుట్ల తాత ఉన్నడు, ఇంట్ల అందరు నిజాం విమానం అనేటోళ్లు, అంతకుమించి ఎవ్వరికి తెల్వదు. ఇంతకుముందు వేరే షాపుల ఇస్తే ఏఐతోని క్లీన్ చేసి కలర్ ఏసి ఇచ్చిండ్రు, విమానం మీది అక్షరాలు అలికినట్టు పోయినయ్, తాత మొఖం కూడ తాతది కాదు, మస్తు బాధైంది.

ఇక్కడ 1200 డీపీఐల (అంటే మస్తు సన్నగ, వివరంగ) స్కాన్ చేసి, క్వాలిటీ తగ్గని టిఫ్ ఫైల్ తీసిండు, అడగకుండనే వెనుక వైపు కూడ స్కాన్ చేసిండు, పక్కనుంచి లైటు పెట్టి చూస్తే చెరిగిపోయిన పెన్సిల్ రాత కనవడ్డది, ఉర్దూల ఉంటే తెల్సిన చాచా ఒకాయన బర్మా అని చదివి చెప్పిండు.

జూమ్ చేస్తే విమానం పక్కకు యూ, ఎమ్ అని రెండక్షరాలు, అవి ఏ స్క్వాడ్రన్ (విమానాల దళం) విమానమో చెప్పే గుర్తు. అవే అక్షరాలు ఇంగ్లండ్‌ల లాంకాస్టర్ బాంబర్ల స్క్వాడ్రన్ ఒకటి కూడ వాడింది, కానీ లాంకాస్టర్‌కు నాలుగు ఇంజన్లు, మన ఫోటోల ముక్కుకు ఒక్కటే ప్రొపెల్లర్, అంటే ఇవే అక్షరాలతోని ఒక్క ఇంజన్ స్పిట్‌ఫైర్ ఫైటర్లు నడిపిన బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ 152 హైదరాబాద్ స్క్వాడ్రన్! నిజాం పైసలిచ్చిండని ఆ పేరు, వాళ్ల బ్యాడ్జి మీద నిజాం తలపాగ ఉంటది. 1940వ సంవత్సరంల ఇంగ్లండ్ మీద జర్మన్లు దాడి చేసినప్పుడు కొట్లాడి, 1943 చివర్ల ఇండియాకొచ్చి బర్మా ఫ్రంటుకు పోయింది. రెక్క మీది గుండ్రటి గుర్తుల నడుమ ఎర్రచుక్క లేదు, జపాన్ విమానాల ఎర్ర సూర్యుడనుకొని మనోళ్లే కాల్చకుండ ఈ దిక్కు తీసేసిండ్రు. ఇంట్లోళ్లు ఇన్నేండ్లు అన్న మాట ఉత్తది కాదని తెల్సినంక అమ్మ ఏడ్చింది. అట్లని తాత ఆ స్క్వాడ్రన్ మనిషే అని ఫోటో చూసి చెప్పలేం, దానికి సర్వీస్ కాగితాలు కావాలె, అవి వెతుకుతున్నం.

రేటు జర ఎక్కువే, టైమ్ కూడ తీసుకుంటడు, కానీ ఒరిజినల్‌ను మన ముందటనే కవర్ల పెట్టి ఇస్తడు. ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కొని ఉంటే ఇంట్ల పీకకుండ ఫ్రేముతోనే తీస్కపోండి, ఆయననే మెల్లగ తీస్తడు.