క్యూఎమూలో రెండో నెట్‌వర్క్ కార్డు: యూజరా, ట్యాపా, సాకెట్టా?

ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషీన్) నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఎమూ. అందులో వర్చువల్ మెషీన్‌కి ఒకే నెట్‌వర్క్ కార్డు ఉన్నంతకాలం నెట్‌వర్క్ గురించి పెద్దగా ఆలోచించే పని ఉండదు. మనం ఏమీ చెప్పకపోయినా అదే ఒక కార్డు తగిలించి, యూజర్ మోడ్‌లో (నెట్‌వర్క్‌ని క్యూఎమూయే లోపల నడిపే పద్ధతి) ఇంటర్నెట్ ఇచ్చేస్తుంది. రెండో కార్డు పెట్టాకే అసలు తలనొప్పి.

ముందు రాసే పద్ధతి సంగతి. పాత నెట్ ఆప్షన్‌తో రెండు కార్డులు, రెండు కనెక్షన్లు వరసగా రాస్తే అన్నీ ఒకే హబ్‌లో పడతాయి. ఒక కార్డు ప్యాకెట్లు రెండోదానికీ వినిపిస్తాయి. వేరువేరుగా ఉండాల్సిన నెట్‌వర్కులు కలిసిపోయాయని తెలిసేసరికి సగం రోజు పోతుంది. నెట్‌డెవ్, డివైస్ జంటగా రాస్తే ఈ గొడవ లేదు: డివైస్ అంటే కార్డు, నెట్‌డెవ్ అంటే దాని వెనక కేబుల్, రెండిటినీ కలిపేది ఐడీ. క్యూఎమూ 2.12లో వచ్చిన నిక్ ఆప్షన్ ఈ రెండిటినీ ఒకే మాటలో ముగిస్తుంది. ఒకటి రెండు కార్డులకైతే అదే హాయి.

ఇక కేబుల్ ఏ రకమన్నది చూద్దాం. యూజర్ మోడ్‌కి రూట్ (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు, హోస్ట్‌లో (అసలు కంప్యూటర్‌లో) ఏదీ మార్చక్కర్లేదు. కానీ నెమ్మది. పోర్ట్ ఫార్వర్డింగ్ (హోస్ట్ పోర్టుకి వచ్చినదాన్ని లోపలికి మళ్లించడం) పెడితే తప్ప బయటి నుంచి గెస్ట్‌కి (వర్చువల్ మెషీన్‌కి) కనెక్షన్ రాదు. రెండు కార్డులకూ ఇదే పెడితే ఇంకో చిక్కు. ప్రతి యూజర్ నెట్‌వర్కూ మామూలుగా 10.0.2.0/24, గేట్‌వే 10.0.2.2. దాంతో రెండు కార్డులకూ 10.0.2.15 అనే అడ్రసే వస్తుంది. కార్డులు రెండూ పైకే ఉంటాయి, ట్రాఫిక్ మాత్రం ఎటు పోతుందో అర్థం కాదు. రెండోదానికి నెట్ విలువగా 10.0.3.0/24 ఇస్తే అడ్రసుల గొడవ తీరుతుంది, కానీ డిఫాల్ట్ రూట్లు (ట్రాఫిక్ బయటికి వెళ్లే దారులు) రెండవుతాయి. గెస్ట్‌లో ఒకదాన్ని తీసేయాల్సిందే.

ట్యాప్ దీనికి పూర్తిగా ఎదురు. హోస్ట్‌లో బ్రిడ్జి (కార్డులను ఒకే నెట్‌వర్క్‌లో కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) కట్టి, దానికి ట్యాప్ (హోస్ట్‌లో తయారుచేసే వర్చువల్ కార్డు) తగిలిస్తే గెస్ట్ నెట్‌వర్క్‌లో నిజమైన మెషీన్‌లా కనిపిస్తుంది. వర్టియో కార్డు (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన రకం) పెట్టి వీహోస్ట్ (ప్యాకెట్ల పనిని హోస్ట్ కెర్నల్‌కి అప్పగించే ఆప్షన్) ఆన్ చేస్తే వేగం కూడా బాగుంటుంది. ఇబ్బందల్లా అనుమతులతోనే: ట్యాప్ తయారుచేయడానికి రూట్ కావాలి, లేదా బ్రిడ్జి హెల్పర్‌ను (రూట్ లేకుండా ట్యాప్‌ని బ్రిడ్జికి తగిలించే చిన్న ప్రోగ్రాం) ముందే అమర్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై మాత్రమే ఉంటే దాన్ని బ్రిడ్జిలో పెట్టడం సాధారణంగా కుదరదు. ఆశపడి టైం వేస్ట్ చేసుకోకండి.

సాకెట్‌ని (రెండు క్యూఎమూలను నేరుగా కలిపే పద్ధతి) చాలామంది పట్టించుకోరు గానీ, గెస్ట్‌లు తమలో తాము మాట్లాడుకుంటే చాలనుకున్నప్పుడు దానంత తేలికైనది లేదు. ఒకటి లిజన్, ఇంకోటి కనెక్ట్. లిజన్ చేసేదాన్ని ముందు స్టార్ట్ చేయాలి, అంతే. రెండుకు మించితే మల్టీకాస్ట్ గ్రూప్ (ఒకరు పంపింది అందరికీ చేరే అడ్రస్) వాడొచ్చు. ఇందులో డీహెచ్‌సీపీ (అడ్రసులు వాటంతటవే పంచే సర్వీస్) ఉండదు కాబట్టి అడ్రసులు మీరే ఇచ్చుకోవాలి.

నా ఓటు మాత్రం మిశ్రమానికే. ఒక గెస్ట్‌ని రౌటర్‌గా పెట్టి, దాని వెనక ఇంకొన్నిటిని నడపాలంటే రౌటర్ మొదటి కార్డు యూజర్, రెండోది సాకెట్. రూట్ ఊసే లేకుండా ల్యాబ్ నడుస్తుంది. బయటి మెషీన్లు నేరుగా చేరాల్సిన సర్వర్‌కైతే ట్యాప్ తప్పదు. అప్పుడు కూడా మొదటి కార్డుని యూజర్ మోడ్‌లోనే ఉంచి, హోస్ట్‌లో 2222 పోర్టుని గెస్ట్ 22కి (ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ పోర్టు) మళ్లించండి. బ్రిడ్జి చెడినా లోపలికి వెళ్లే దారి ఉంటుంది.

ఏది ఎంచుకున్నా మ్యాక్ అడ్రసులు (ప్రతి కార్డునీ గుర్తించే నంబర్లు) చేత్తో ఇవ్వండి. చెప్పకపోతే మొదటి కార్డుకి 52:54:00:12:34:56, రెండోదానికి చివర 57 వస్తాయి. ఇంకో మెషీన్ స్టార్ట్ చేస్తే దానికీ అవే. ఒకే బ్రిడ్జి మీద రెండు మెషీన్లూ ఉంటే కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది, లాగ్‌లో ఎక్కడా తప్పు కనిపించదు.