కాసినో యాష్‌ట్రేల కోసం చేయించిన టేకు షోకేసు: ఏడేళ్ల వాడకం తర్వాత

కాజీపేటలో రైలు పట్టాలకు దగ్గర్లోనే మా ఇల్లు. హాల్లో ఉన్న టేకు షోకేసును 2018లో తెలిసిన వడ్రంగితో చేయించాను. అందులో ఇప్పుడు 41 యాష్‌ట్రేలున్నాయి, అన్నీ లాస్ వెగాస్ పాత కాసినోలవే. మొదటిది మా మామ అమెరికా నుంచి తెచ్చిచ్చిన డ్యూన్స్‌ది. 1955లో తెరిచిన ఆ హోటల్‌ను 1993లో పేల్చి కూల్చేశారు, ఆ జాగాలోనే తర్వాత బెల్లాజియో హోటల్ వచ్చింది. అంత పెద్ద భవనం పోయినా దాని పేరున్న అరచేతంత గాజు పళ్లెం మా ఇంట్లో ఉంది. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

మొదట అన్నిటినీ గాజు అరల మీద మామూలుగా పెట్టేశాను. అది తప్పు. యాష్‌ట్రేకి పేరు, బొమ్మ ఉండేది అడుగునే కదా, కంటికి పైనున్న అరలో పెడితే అంచు తప్ప ఏమీ కనబడదు. పళ్లేలు నిలబెట్టే తీగ స్టాండ్లు తెస్తే వాటి కొక్కేలు గాజును గీకాయి. చివరికి వడ్రంగే టేకు పట్టీలకు ఏటవాలుగా గాడి తీసిచ్చాడు. అందులో పెడితే కాస్త వెనక్కి వాలి నిలబడతాయి, గుమ్మంలోంచే పేరు చదవొచ్చు. మొత్తం షోకేసులో నాకు బాగా నచ్చింది ఈ గాడి పట్టీలే.

వెనక చెక్క ముదురు రంగుది కావడంతో రంగులేని గాజు మీది ఎరుపు, నలుపు అక్షరాలు అందులో కలిసిపోయేవి. మీగడ రంగు షీటు అతికించాక తేటగా కనిపిస్తున్నాయి. లైటు మాత్రం కింది నుంచి రావాలి. ముందు నుంచి వేస్తే తలుపు అద్దం మీద మెరుపు తప్ప లోపలిది కనబడదు. కింది నుంచి వేస్తే తేనె రంగు గాజు దీపంలా వెలుగుతుంది.

అసలు టెన్షన్ రైళ్లతో. గూడ్సు బండి పోయినప్పుడల్లా అర సన్నగా అదురుతుంది. గాడి పట్టీలు రాకముందు, నెల తిరిగేసరికి ఒక్కోటి అర అంగుళం అంచుకు జరిగేది. భయపడి డబుల్ టేపు వేశాను. చాలావాటికి ప్రింటు అడుగు వైపే ఉంటుంది, మనం చదివేది గాజులోంచి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తుడుద్దామని స్టార్‌డస్ట్‌ది పైకి తీస్తే పేరులోని చివరి రెండక్షరాలు టేపుకే అంటుకుని వచ్చేశాయి. 1958లో తెరిచి 2006లో మూసేసిన కాసినో అది, భవనాన్ని 2007లో కూల్చారు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు ప్రింటు లేని మూలల్లో మాత్రమే చిన్న సిలికాన్ బొట్లు వేస్తున్నాను. ఏ బండి పోయినా కదలడం లేదు.

జరిపే తలుపులు పెట్టించడం ఒక్కటే నేను చేసిన ఖర్చుదండగ పని. రెండు అద్దాల మధ్య సందులోంచి దుమ్ము సులువుగా దూరుతుంది. నెలకోసారి అన్నీ దించి, గోరువెచ్చని నీళ్లలో సబ్బు చుక్క వేసి మెత్తని నూలుగుడ్డతో తుడవాలి. స్క్రబ్బర్ తగిలితే రంగు పోతుంది. "గీ బూడిద గిన్నెలకు గింత పెద్ద షోకేసెందుకు బిడ్డా" అని మొదట్లో అడిగిన మా అమ్మే ఇప్పుడు పక్కన కూర్చుని ఒక్కోటి ఆరబెడుతుంది. కీలు తలుపులు పెట్టి, అంచుకు రబ్బరు బీడింగ్ వేస్తే దుమ్ము చాలావరకు ఆగుతుందట. సంక్రాంతి తర్వాత వచ్చి మారుస్తానని వడ్రంగి చెప్పాడు.