తేలు కొండి చూడ్డానికి బైనాక్యులరా, టెలిస్కోపా?

శ్రీకాకుళంలో ఉండే మా మేనల్లుడు ఏడో తరగతి. ఏడాదిగా టెలిస్కోపు కావాలని ఒకటే గొడవ. "ముందు ఏది కొనాలో నువ్వే చెప్పరా" అంది అక్క. మేలో అమావాస్య చూసుకుని, అడిగి తెచ్చిన రెండింటితో కళింగపట్నం తీరానికి వెళ్లాం.

రాత్రి పదకొండుకల్లా వృశ్చిక రాశి సముద్రం మీద నిలబడింది. మన 27 నక్షత్రాల్లో మూడు ఇందులోవే: తల దగ్గర అనూరాధ, గుండెలో ఎర్రటి జ్యేష్ఠ, తోక చివర మూల. జ్యేష్ఠ మన దగ్గర 45 డిగ్రీల ఎత్తుకెక్కుతుంది. లండన్‌లో పన్నెండు డిగ్రీలే. తేలును తోకతో సహా ఇంత బాగా చూడగలగడం మన అదృష్టం.

ముందు 70 మిల్లీమీటర్ల కటకం ఉన్న టెలిస్కోపు పెట్టాం. సముద్రపు గాలికి దాని సన్నకాళ్ల స్టాండు వణుకుతూనే ఉంది. 70 రెట్లు పెంచి జ్యేష్ఠను పట్టి, పిల్లాణ్ని పిలిచేసరికి అది జారిపోయింది. భూమి తిరుగుతుంటే చుక్క రెండు మూడు నిమిషాల్లో దాటిపోతుంది మరి. మళ్లీ పట్టినా ఎర్ర చుక్క చుక్కలాగే ఉంది. 550 కాంతి సంవత్సరాల దూరం, అంత పెంపుకి బిందువుగానే కనిపిస్తుంది. పిల్లాడి మొహం చిన్నబోయింది.

తర్వాత 10×50 బైనాక్యులర్, అంటే పది రెట్ల పెంపు, 50 మిల్లీమీటర్ల కటకాలు. ఇసుకలో వెల్లకిలా పడుకుని కొండి పక్కకి తిప్పమన్నాను. కంటికి మసకగా పొగలా ఉన్న మెస్సియర్ 7 అనే నక్షత్రాల గుంపు విడివిడి చుక్కలైపోయింది.

"మామయ్యా, నౌపడ ఉప్పు ఒలికినట్టుంది!"

ఒకేసారి ఆరు డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది కాబట్టి ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి వాడే నడిచాడు. జ్యేష్ఠ పక్కనున్న మెస్సియర్ 4 అనే ఇంకో నక్షత్రాల గుంపుని కూడా వెతికి పట్టుకున్నాడు, చిన్న దూదిపింజలా.

గ్రహాలకైతే టెలిస్కోపే. శని వలయాలు, గురుడి పట్టీలు బైనాక్యులర్‌లో కనబడవు. గోడకి ఆనించి పట్టుకుంటే గురుడి నాలుగు పెద్ద చంద్రులు మాత్రం దొరుకుతాయి.

అక్కకి బైనాక్యులరే కొనమన్నాను. చుక్కల దారి తెలియని పిల్లాడికి టెలిస్కోపు ఇస్తే నెలకే అటక ఎక్కుతుంది. రెండేళ్లు పోయాక గట్టి స్టాండున్న టెలిస్కోపు కొని, బీచికి కాకుండా మేడ మీద గాలి తగలని మూల పెట్టుకోవచ్చు. ఈలోగా, జూన్ మబ్బులు కమ్మకముందే ఇంకో రెండు రాత్రులు తీరానికి తీసుకెళ్లాలి.