మాల్దీవులా, థాయ్‌లాండా? ఇంగ్లీష్ టీచర్‌గా బయటికి పోయేవాళ్ళకి ఏది మేలు?

మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చే పిల్లల్లో నెలకి ఒకరన్నా ఈ ప్రశ్న అడుగుతారు. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఎమ్మే ఇంగ్లీష్ చేసుంటారు, కొందరికి బీఎడ్ కూడా ఉంటాది, డీఎస్సీ కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాసుంటాయి, ఇంక విసుగొచ్చి సార్ నేనూ బయటికి పోతాను యాడికి పోతే మేలు అంటారు. నేను మాల్దీవుల్లో మూడేళ్ళు, థాయ్‌లాండ్‌లో రెండేళ్ళు చెప్పొచ్చినాను కదా, అందుకని నన్ను పట్టుకుంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఒకసారి రాసి పెడతా ఉండా, ఇంకమీద ఎవరడిగినా ఇదే పంపిస్తా.

ముందు మూసున్న తలుపులు చెప్పేస్తా, టైం వేస్ట్ కాకుండా. కొరియాలో ఇంగ్లీష్ చెప్పడానికి ఇచ్చే ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, మామూలుగా ఈ ఏడు దేశాల పాస్‌పోర్ట్ వాళ్ళకే. చైనా కూడా ఇంగ్లీష్ మాతృభాషగా ఉండేవాళ్ళనే వెతుకుతాది, పైగా 2021 జులైలో ఆడ ట్యూషన్ కంపెనీల మీద గవర్నమెంట్ దెబ్బేసినాక ఆన్‌లైన్ క్లాసుల బిజినెస్ కూడా కూలిపోయింది. జపాన్‌లో స్కూల్ టీచర్ వీసాకి మనలాంటోళ్ళు పన్నెండేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివినట్టు చూపించాల. నేను పదో తరగతి వరకు పుంగనూరు పక్కన తెలుగు మీడియం, కాబట్టి ఆ కథ నాకు ఆడికే అయిపోయింది. కాన్వెంట్‌లో చదువుకున్నోళ్ళు ట్రై చేసుకోవచ్చు.

ఇంక మిగిలినవాటిలో నాకు తెలిసినవి ఈ రెండే.

పేపర్ల సంగతి తీసుకుంటే మాల్దీవులే నయం. ఆడ స్కూళ్ళు నడిచేదే ఇంగ్లీష్ మీడియంలో, పెద్దపిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు, అందుకని వాళ్ళకి కావాల్సింది నిజమైన టీచరు. డిగ్రీ, బీఎడ్, కొంచెం ఎక్స్‌పీరియన్స్ ఉంటే నువ్వు ఇండియన్ అనేది అడ్డం కాదు, ఎన్నో ఏళ్ళ నుంచి కేరళోళ్ళు, తమిళోళ్ళు పోయి చెప్తా ఉండారు. నా స్టాఫ్ రూంలో సగం మలయాళం సగం తమిళం వినపడతా ఉండె, మా చిత్తూరోళ్ళకి తమిళం ఊరికే వస్తాది కాబట్టి బతికిపోయినాను. థాయ్‌లాండ్ అట్ల కాదు. ఉద్యోగానికి పోయేవాళ్ళకిచ్చే నాన్-ఇమిగ్రెంట్ బీ వీసా, వర్క్ పర్మిట్, ఇంగ్లీష్ మాతృభాష కానోళ్ళకి టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 600 మార్కులు, ఆమీద వాళ్ళ టీచర్స్ కౌన్సిల్ ఖురుసఫా ఇచ్చే లైసెన్స్, అది లేకపోతే తాత్కాలిక పర్మిషన్. అన్నీ అయినాక కూడా 90 రోజులకొకసారి నేను ఈడే ఉండానప్పా అని ఇమిగ్రేషన్‌కి తెలపాల. మధ్యలో ఇంటికొచ్చేటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా ఫ్లైట్ ఎక్కితే వీసా పోయినట్టే, మళ్ళీ మొదటికి. నాతో పనిచేసిన ఫిలిప్పీన్స్ ఆవిడకి అట్లే అయింది, పాపం.

ఈడే ఒక మాట గట్టిగా చెప్పాల. 2023 నవంబర్ నుంచి మనవాళ్ళని టూరిస్ట్‌గా వీసా లేకుండా థాయ్‌లాండ్‌లోకి రానిచ్చినారు, దాన్ని పట్టుకుని కన్సల్టెన్సీ వాళ్ళు ముందు టూరిస్ట్‌గా పో, పేపర్లు తర్వాత మారుస్తాం అంటారు. నాకూ చెన్నైలో ఒకాయన అట్లే చెప్పి ఎనభై వేలు తీసుకున్నాడు, స్కూలు మాత్రం నేనే వెతుక్కున్నాను. నాది డబ్బుతో పోయింది. థాయ్‌లాండ్‌లో ఉద్యోగం అని పిలిచి బోర్డర్ దాటించి మయన్మార్‌లో మ్యావాడీ దగ్గర ఆన్‌లైన్ మోసాల సెంటర్లలో కూర్చోబెట్టిన కేసుల మీద మన విదేశాంగ శాఖ 2022 నుంచి హెచ్చరిస్తానే ఉండాది, అందులో చిక్కుకున్నోళ్ళలో తెలుగు పిల్లకాయలూ ఉండారు. స్కూలు పేరు, వీసా లెటరు చేతికి రాకుండా ఎవురన్నా టికెట్ తీయమంటే తీయొద్దు.

సరే, దిగినాక ఎట్ల ఉంటాదంటే, రెండు ఎయిర్‌పోర్టుల కథ చెప్తే మీకే అర్థమైపోతాది. మాల్దీవుల్లోకి పూజ చేసుకునే విగ్రహాలు తీసుకుపోకూడదు, కస్టమ్స్ రూలే అది. నాకు ఆ సంగతి ముందే తెలుసు. బయలుదేరే ముందు రోజు మా అమ్మ కొండకి పోయొచ్చి చిన్న వెంకటేశ్వరస్వామి ఇత్తడి బొమ్మ నా బ్యాగులో పెట్టింది, నేను తీసి బీరువాలో పెట్టినాను, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసినాను, అమ్మకి ఇప్పటికీ తెలీదు. తిరుపతిలో ఉండేవాడికి, పొద్దున లేస్తే కొండ కనపడేవాడికి, అట్ల దేవుణ్ణి బీరువాలో పెట్టి పోవడం ఒక రకంగా ఉంటాది. లడ్డూ మాత్రం తీసుకుపోయినాను, స్వీటే కదా, కానీ స్టాఫ్ రూంలో అందరికీ పంచే ధైర్యం చాలక రూంలో మేము నలుగురమే తినేసినాం. ఆ మూడేళ్ళు నా పూజ అంతా ఫోన్‌లోనే, రూం తలుపేసుకుని.

తర్వాత థాయ్‌లాండ్ పోతే బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు పేరే సువర్ణభూమి. లోపల పేద్ద క్షీరసాగర మథనం బొమ్మ, దేవతలు ఒకపక్క రాక్షసులు ఒకపక్క వాసుకిని పట్టుకుని లాగతా ఉంటారు, పైన విష్ణుమూర్తి నిలబడుకోని ఉంటాడు. నాకు ఆడే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, అబద్ధం చెప్పను. స్కూలుకి పోతే పిల్లలు సవాత్‌దీ ఖ్రూ అని చేతులు జోడిస్తారు. సవాత్‌దీ మన స్వస్తి, ఖ్రూ మన గురు. భాషని ఫాసా అంటారు, ఆహారాన్ని ఆహాన్ అంటారు. జూన్ ప్రాంతంలో ఒక గురువారం వై ఖ్రూ అని గురుపూజ చేస్తారు, పిల్లలు మోకాళ్ళ మీద వచ్చి పూలు ఇస్తారు, ఆ పళ్ళెంలో చూస్తే గరిక, నూరువరహాల పూలు, వంకాయ పువ్వు! వినాయక చవితికి మనం ఏరుకునే గరికే అప్పా. వంకాయ పువ్వు ఎందుకంటే అది తల వంచుకుని పూస్తాది కదా, అణకువకి గుర్తంట.

అయితే ఈడ ఒక మోసం ఉండాది. అంతా మనదే అనిపించి మనం జారతాం. నేను మూడోరోజే ఒక పిల్లోడు బాగా చదివినాడని మనూళ్ళో మాదిరి తలమీద తట్టినాను, క్లాసంతా గమ్మునైపోయింది. తల వాళ్ళకి పవిత్రం, ముట్టకూడదు, పాదాలు ఎవరివైపూ చాపకూడదు. ఇంకోసారి సెలవులకి వచ్చినప్పుడు గుండు కొట్టించుకుని పోయినాను, పిల్లలు సారు భిక్షువుగా ఉండి వచ్చినాడనుకుని ఒక వారం నాతో మెల్లిగా మాట్లాడినారు. ఆడ మగపిల్లలు కొన్నాళ్ళు సన్యాసం తీసుకుని మళ్ళీ ఇంటికొచ్చేది మామూలే కదా. ఇంక కప్రావ్ అని ఒక వేపుడు ఉంటాది, అన్నంలోకి, ఊరంతా అదే తింటాది. మొదటిసారి వాసన తెలిసినట్టే ఉండాదే అని ఆకు తీసి చూస్తే తులసి. మన కోటలో పూజించే తులసే, చికెన్‌లోనో పందిమాంసంలోనో వేసి వేయించేస్తారు. మా అమ్మకి ఈ సంగతి కూడా చెప్పలేదు.

మాల్దీవుల్లో అట్ల ముందుగా చుట్టరికం ఏమీ కనపడదు, అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటాం, తప్పులు తక్కువ. రూల్స్ స్పష్టంగా ఉంటాయి. శుక్రవారం, శనివారం సెలవు, ఆదివారం స్కూలు, రంజాన్ నెలలో పగలు బయట తినకూడదు. కానీ ఆ నెలలోనే సాయంత్రం అయ్యేసరికి మా హెడ్‌మిస్ట్రెస్ ఇంటినుంచి ప్లేటు వస్తా ఉండె, చేప పెట్టిన బజియాలు, గుల్హా అని ఉండలు, ఇంత పండూ. ఏ రోజూ మర్చిపోలేదు ఆ తల్లి. పిల్లలకేమో ఇండియన్ అంటే హిందీ వచ్చుండాల, హిందీ సినిమాలు చూసి చూసి నాకంటే వాళ్ళే బాగా మాట్లాడతారు. పుంగనూరోడు హిందీ నేర్చుకునింది మాల్దీవుల్లో అంటే మా ఫ్రెండ్స్ ఇప్పటికీ నవ్వుతారు.

తిండి దగ్గర మాంసం తినేవాళ్ళకి రెండూ ఓకే, శాకాహారులకి రెండూ కష్టమే. మాల్దీవుల్లో పొద్దున లేస్తే మాస్ హునీ, అంటే సూరచేప, కొబ్బరి కలిపి, రోషీ అనే రొట్టెలోకి. కూరగాయలు పడవలో రావాల, పడవ రాకపోతే గుడ్డే గతి. థాయ్‌లాండ్‌లో కూర శాకాహారం అన్నా చేపల సాస్ పడిపోతాది, జే అని పసుపు జెండా కట్టిన కొట్టు వెతుక్కుంటే ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా పెడతారు. నేను ఉండింది ఈశాన్యంలో, ఖోన్ కేన్ పక్కన. ఆడ జిగురన్నం చేత్తో ముద్ద చేసి రోట్లో దంచిన పచ్చి బొప్పాయి సలాడ్‌లో అద్దుకుని తింటారు. సంగటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుని పెరిగినోడికి ఇంకేం చెప్పాల!

క్లాసులో మాత్రం నా ఓటు మాల్దీవులకే. దీవిలో క్లాసుకి ఇరవై మంది లోపే, పేరు పేరునా తెలుసు, పరీక్షలో తప్పితే తల్లి వచ్చి ఎందుకు తప్పినాడు అని అడుగుతాది. థాయ్‌లాండ్‌లో నా క్లాసులో 46 మంది, ఎవురూ ఫెయిల్ కారు, ఫెయిల్ చేయకూడదు, ఎంత రాసినా పాస్. నేనేం చెప్పినా నవ్వుతారు, అర్థమైతే ఒక నవ్వు, కాకపోతే ఇంకో నవ్వు, ఆ రెండింటికీ తేడా పట్టుకునేసరికి నాకు ఏడాది పట్టింది. పైగా జీతం. నాకు 26,000 బాట్, బాట్‌కి రెండున్నర రూపాయలు పైనే అనుకోండి. అదే స్కూల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చినాయనకి 38,000. ఆయనకి బీఎడ్ లేదు, టీచింగ్ ఎక్స్‌పీరియన్స్ లేదు, ఆయన లెసన్ ప్లాన్లు కూడా నేనే రాసిస్తా ఉంటిని. మనిషి మంచోడే, ఆయన తప్పేం లేదు, కానీ స్కూల్ బ్రోచర్‌లో ఫొటో ఆయనదే వేసినారు. ప్రేమగా చూసుకున్న దేశంలోనే నా రంగుకి రేటు కట్టినారు, ఆ బాధ నాకింకా పోలేదు.

మాల్దీవుల్లో జీతం దగ్గర ఇట్లాంటి అవమానం నాకు ఎదురవ్వలేదు గానీ డబ్బు ఇంటికి పంపడం తలనొప్పి. జీతం రుఫియాల్లో వస్తాది, ఇంటికి పంపాలంటే డాలర్లు కావాల, ఆడ డాలర్లకి ఎప్పుడూ కరువే. మన స్టేట్ బ్యాంక్ మాలేలో 1974 నుంచి ఉండాది, కానీ నెలకి ఇంతకంటే పంపకూడదని లిమిట్ పెడతారు, బయట కొంటే రేటు జాస్తి. లోన్ కట్టాల్సినోళ్ళు జీతం అంకె చూసి మురిసిపోకుండా నెలకి ఎంత పంపనిస్తారు అని అడిగి పోండి.

ఇంకోటి, దూరం. మ్యాప్‌లో చూస్తే మాల్దీవులు దగ్గర, తిరువనంతపురం నుంచి గంట పైచిలుకు ఫ్లైట్. కానీ దాదాపు 1,200 దీవుల్లో జనం ఉండేవి 200 లోపు, మనల్ని వేసేది మాలేలో కాదు, యాడనో మూలకి. మా దీవి ఇరవై నిమిషాల్లో చుట్టొచ్చేయొచ్చు. జూన్‌లో మా నాన్నకి గుండెనొప్పి వచ్చిందని ఫోన్ వస్తే సముద్రం రేగిపోయి ఉండె, స్పీడ్ బోట్ లేదు, రెండు రోజులు జెట్టీ మీదే తిరిగినాను. నాన్న బతికినాడు, ఆ ఏడుకొండలాయన దయ. థాయ్‌లాండ్ నుంచైతే బ్యాంకాక్‌లో ఎక్కితే మూడున్నర గంటల్లో చెన్నై, ఆడ్నుంచి తిరుపతి బస్సు. గంగమ్మ జాతరకి మాత్రం థాయ్‌లాండ్ నుంచి ఒకసారి కూడా రాలేకపోయినాను, సరిగ్గా మే నెల మధ్యలోనే వాళ్ళ స్కూళ్ళు తెరుస్తారు.

ఈడే ఉండిపోతే ఎట్ల అని కూడా అడుగుతారు. ఉండొచ్చు, నేను ఉండా కదా, ఐఈఎల్‌టీఎస్ బ్యాచులు పొద్దున రెండు సాయంత్రం రెండు, తిండికి లోటు లేదు. కానీ నేను తిరుపతిలో ఈ బాలాజీ కాలనీ దాటకుండా ఉండుంటే ఇప్పుడు చెప్పే ఇంగ్లీష్ నాకు వచ్చుండదు. తెలుగు మాదిరి ఆలోచించి ఇంగ్లీష్ మాట్లాడేవాణ్ణి, ఎదురుగా తెలుగు రాని నలభై ఆరుమంది కూర్చుంటే అది కుదరలేదు.

కాబట్టి నా లెక్క ఇది. బీఎడ్ ఉండి, టీచర్‌గానే బతకాలనుకునేవాళ్ళు మాల్దీవులకే పోండి, టీచర్ పని ఆడే నేర్చుకుంటారు. బీఎడ్ లేక, వయసు ఇరవై అయిదు లోపుండి, ఇంట్లో అప్పు లేకపోతే థాయ్‌లాండ్, రెండేళ్ళు చాలు, మూడో ఏడు ఉండొద్దు. పెళ్ళయి పిల్లలుంటే రెండూ వద్దు. మనసు యాడ ఉండాది అని అడిగితే నాది థాయ్‌లాండ్‌లోనే ఉండాది, అది వేరే సంగతి, ఉద్యోగం మనసుతో వెతుక్కోకూడదు.

పోయిన నెల శ్రీకాళహస్తి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, బీఎడ్ చేసింది, మాల్దీవుల్లో ఆఫర్ వచ్చింది. డాలర్ లిమిట్, పడవలు, అన్నీ చెప్పినాను, తలూపింది. లేచిపోతా పోతా సార్ దేవుడి పటం ఎట్ల అని అడిగింది. ఫోన్‌లో పెట్టుకో అమ్మా, నేనట్లే చేసినాను అన్నాను. కాసేపు ఆలోచించి, మా అమ్మ శనివారం వీడియో కాల్‌లో చూస్తాది సార్, ఫోన్‌కే హారతి ఇయ్యమంటాది అనింది.