కంపెనీ ఇంకు, లోకల్ ఇంకు: ఒంగోలు స్టూడియో లెక్క

ఎప్సన్ ఎల్805 సీసాలతో ఇంకు పోసుకునే ఆరు రంగుల ట్యాంకు ఫొటో ప్రింటరు. దీని తర్వాత ఎల్8050 వచ్చినా, మా ఒంగోలులోనూ కందుకూరు, చీమకుర్తి వైపునా చిన్న స్టూడియోలలో పాతది ఇప్పటికీ పని చేస్తూనే ఉంది. మా స్టూడియోలో ఇవి రెండు ఉన్నందున ఒకదానిలో కంపెనీ ఇంకు, రెండోదానిలో ‘కంపాటిబుల్’ పేరుతో దొరికే లోకల్ ఇంకు పోసి, ఒకే ఫైలును ఒకే రకం ఆర్‌సీ గ్లాసీ కాగితం (ప్లాస్టిక్ పూత ఉన్న మెరిసే ఫొటో కాగితం) మీద తీసి పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాము.

ముందుగా డబ్బు సంగతి. ఈ ప్రింటరుకు కంపెనీ ఇంకు 70 మిల్లీలీటర్ల సీసాలలో వస్తుంది. ఆరు సీసాల సెట్టుతో 4×6 ఫొటోలు 1,800 వరకు వస్తాయని కంపెనీ చెబుతుంది. సీసా ఒక్కింటికి ఆరు వందల రూపాయలు వేసుకున్నా ఫొటోకు పడే ఇంకు ఖర్చు రెండు రూపాయలే. లోకల్ సీసా రెండు వందలకు దొరికిందనుకుంటే అది డెబ్బై పైసలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే మిగిలేది రూపాయీ పావలా చిల్లర, అదీ అంతకంటే ఎక్కువ ఖరీదు చేసే కాగితం మీద. చిన్న కార్ట్రిడ్జిని వందలు పోసి కొని, అయిపోగానే సిరంజితో ఇంకు ఎక్కించుకున్న కాలంలో చవక ఇంకు వాడటానికి గట్టి కారణమే ఉండేది. ట్యాంకు ప్రింటరు వచ్చాక ఆ కారణం చాలావరకు పోయిందని నా అభిప్రాయం. అయినా అమ్మేవారు మాత్రం ‘సేమ్ టు సేమ్ సార్’ అన్న పాత పాటే పాడుతున్నారు.

రంగు విషయంలో అది సేమ్ కాదు. పెళ్లికొడుకు తెల్ల పంచె మడతల నీడలను దగ్గరగా చూడండి: కంపెనీ ఇంకులో అవి బూడిద రంగులోనే ఉంటాయి, మేము వాడిన లోకల్ ఇంకులో సన్నగా గులాబీ జీర కనిపిస్తుంది. నల్లని జుట్టు ట్యూబులైటు కింద బాగానే ఉండి, ఎండలోకి తీసుకువెళ్లగానే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ ప్రింటరులో లైట్ సయాన్, లైట్ మెజెంటా అని రెండు అదనపు రంగులు ఉన్నదే చర్మపు ఛాయ నున్నగా రావడం కోసం. ఆ రెండింటి గాఢత కొంచెం తేడా వచ్చినా ముఖం మీదే తెలిసిపోతుంది. ఇంకుకు తగిన ఐసీసీ ప్రొఫైలు (ఆ ఇంకుకూ కాగితానికీ తగ్గట్టు రంగులను సరిచేసే ఫైలు) చేయించుకుంటే ఇందులో చాలా భాగం సరిదిద్దవచ్చు గానీ, తర్వాతి సీసా అదే గాఢతతో వస్తుందన్న హామీ లేనప్పుడు ఆ ప్రొఫైలు ఎంతకాలం పనికివస్తుంది?

కొత్త ఇంకు పోసిన రోజే ప్రింటు తీసి ‘తేడా ఏమీ లేదు’ అని తేల్చడం సరికాదు. సన్నని గొట్టాలలోనూ కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్డు దగ్గరి డ్యాంపర్లు అనే చిన్న గదులలోనూ పాత ఇంకు మిగిలే ఉంటుంది కనుక, అది ఖర్చయ్యేదాకా బయటికి వచ్చేది రెండింటి మిశ్రమమే.

ఇక వెలిసిపోవడం. ఫొటోలో సగం అట్టతో కప్పి షోకేసు అద్దం వెనుక వేసవి అంతా ఉంచితే, లోకల్ ఇంకు ఫొటోలో కప్పిన భాగానికీ కప్పని భాగానికీ మధ్య గీత గీసినట్టు తేడా వచ్చింది. కంపెనీ ఇంకు కూడా డై (నీటిలో కరిగే రంగు) రకమే కాబట్టి దానికీ చిరకాలపు ఆయుష్షు లేదు. అయితే అదే కాలంలో అది పాలిపోయింది కొద్దిగానే. గాలి తగిలేలా వదిలేసిన ఫొటోలకు ఓజోను వల్ల కూడా నష్టం జరుగుతుంది కనుక, ఏ ఇంకుతో తీసినా ఫ్రేము కట్టించో లామినేషను చేయించో ఇవ్వడం మంచిది.

మా ఊరి రోహిణీకార్తె ఎండలకు ఏసీ లేని గదిలో నాజిళ్లు, అంటే హెడ్డులోని సన్నని రంధ్రాలు, ఎండిపోవడం మామూలే. లోకల్ ఇంకు ఉన్న ప్రింటరుకు నాజిల్ చెక్‌లో (నాజిళ్ల పరీక్ష ప్రింటులో) గీతలు తెగి కనిపించడం, హెడ్ క్లీనింగు చేయవలసి రావడం ఎక్కువగా ఉంది. క్లీనింగు చేసిన ప్రతిసారీ ఇంకు వేస్ట్ ప్యాడులోకి (వృథా ఇంకును పీల్చుకునే మెత్తలోకి) పోతుంది. ఆ ప్యాడుకు ప్రింటరు వేసుకునే లెక్క నిండితే ప్రింటరు ఆగిపోతుంది, అప్పుడు ప్యాడు మార్చి రీసెట్ చేయించాలి. ఫొటోకు మిగిలిన రూపాయి అలా వెళ్లిపోతుంది. పైగా బయటి ఇంకు వల్ల హెడ్డు పాడైతే వారంటీ వర్తించదు.

అలాగని లోకల్ ఇంకు ఎందుకూ పనికిరాదని అనను. ఒక 4×6 కాగితం మీద ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు పడతాయి. దరఖాస్తుకు అంటించే వాటిని పంచె నీడ రంగు దాకా పరీక్షించేవారు లేరు. కనుక రెండో ప్రింటరులో ఉన్న ఇంకు అయిపోయేదాకా పాస్‌పోర్టు ఫొటోలూ ప్రాజెక్టు పనుల కలర్ ప్రింట్లూ దాని మీదే తీస్తాము. పెళ్లి ఫొటోలూ గోడకు తగిలించే పెద్దల ఫొటోలూ మాత్రం మొదటిదాని మీదే.